అమెరికా కౌంటీల్లో కోవిడ్ రైతు సాయం: భూమి నాది, డబ్బు కౌలుదారుకెందుకు వెళ్ళింది?

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. 2019లో టెక్సాస్‌లోని హిల్ కౌంటీలో 42 ఎకరాలు కొన్నారు. ఎకరానికి ఏడాదికి ఇంత డబ్బు అని అక్కడి రైతుకి కౌలుకిచ్చారు. ఈమధ్య ఆ కౌంటీ రైతులకు 2020లో, 2021లో అందిన కోవిడ్ సాయం జాబితాలు ఇంటర్నెట్‌లో చూశారు. ఒకరి పేరు ఎదురుగా సరిగ్గా 2,50,000 డాలర్లు, కొందరికి 20,833, ఒకరికి 848 మాత్రమే ఉన్నాయి. మీ కౌలుదారు పేరుంది, మీ పేరు లేదు. లెక్క ఎలా కట్టారు, మీకు రావాల్సింది పోయిందా, ఇప్పుడైనా అడగొచ్చా అన్నది మీ సందేహం.

ముందు జవాబు చెప్పేస్తాను. మీకు రావాల్సింది ఏమీ పోలేదు. డబ్బు రూపంలో స్థిరమైన కౌలు తీసుకునే భూయజమానికి ఆ సాయంలో వాటా లేదు. పంట నష్టపోయే భయం ఎవరి నెత్తిన ఉందో, అమ్ముకోవడానికి పంట ఎవరి చేతిలో ఉందో వాళ్ళకే ఇచ్చారు. దరఖాస్తుల గడువు కూడా 2021 అక్టోబర్ 12తో పూర్తిగా ముగిసింది. ఇప్పుడు అడగడానికి దారి లేదు. అయితే ఈ లెక్క తెలుసుకోవడం మీకు పనికొస్తుంది. అమెరికాలో ఆ తర్వాత వచ్చిన సాయాలు కూడా దాదాపు ఇదే తీరులో నడుస్తున్నాయి.

మన దగ్గరి పద్ధతి మనసులో పెట్టుకుని చూస్తే ఇది తలకిందులుగా కనిపిస్తుంది. తెలంగాణలో రైతుబంధు 2018లో ఎకరానికి సీజన్‌కు 4,000 రూపాయలతో మొదలై తర్వాత 5,000 అయింది. అది పట్టాదారు ఖాతాలో పడేది. ఆ పొలం దున్నే కౌలు రైతుకి ప్రభుత్వం నుంచి పైసా లేదు. పీఎం కిసాన్ 6,000 కూడా భూమి పేరున ఉన్న కుటుంబాలకే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం తర్వాత పంట సాగుదారు హక్కు పత్రం తీసుకున్న కౌలు రైతుల్లో కొన్ని వర్గాలకు రైతు భరోసా అందింది, కానీ ఆ పత్రం మీద సంతకం పెట్టడానికి యజమానులు ఎంత వెనకాడారో ఊళ్ళలో ఉన్నవాళ్ళకి తెలుసు. అమెరికా వ్యవసాయ శాఖ కోవిడ్ సాయంలో పట్టా ఎవరిదని చూడలేదు. దిగుబడి ఎంత, నిల్వ ఎంత, ధర ఎంత పడింది, నష్టం ఎవరు మోశారు అని చూసింది. ఈ ఒక్క విషయంలో అది మన పద్ధతి కన్నా న్యాయంగా ఉందని నా గట్టి అభిప్రాయం. మిగతా విషయాల్లో లోపాలు చాలానే ఉన్నాయి, వాటి దగ్గరికీ వస్తాను.

ఆ జాబితాల్లో కనిపించేది ఒకే పథకం కాదు. కనీసం నాలుగు వేర్వేరు పథకాల డబ్బు అక్కడ కలిసిపోయి కనిపిస్తుంది.

వ్యవసాయ శాఖ వాళ్ళ కరోనా వైరస్ ఫుడ్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్ రెండు విడతలుగా నడిచింది. అందరూ సీఫాప్-1, సీఫాప్-2 అంటారు. ఇవి తిరిగి కట్టక్కర్లేని సాయం. చిన్న వ్యాపారాల సంస్థ ఎస్‌బీఏ ద్వారా వచ్చిన పేచెక్ ప్రొటెక్షన్ ప్రోగ్రామ్, అంటే పీపీపీ, పేరుకి అప్పు, షరతులు పాటిస్తే మాఫీ. అదే సంస్థ ఇచ్చిన విపత్తు రుణం, ఈఐడీఎల్, మాత్రం నిజమైన అప్పు. వడ్డీ 3.75 శాతం, గడువు 30 ఏళ్ళు. 25,000 డాలర్లు దాటితే వ్యాపార ఆస్తుల మీద తాకట్టు కూడా రాయించుకున్నారు. పక్క రైతు పేరు ఎదురుగా 1,50,000 ఈఐడీఎల్ కనిపిస్తే ఆయనకి ఉచితంగా వచ్చిందనుకోకండి, ఆయన ఇంకా కడుతూనే ఉండి ఉంటారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. 2018, 2019 పంటలకి చైనాతో సుంకాల తగాదా వల్ల ఇచ్చిన మార్కెట్ ఫెసిలిటేషన్ సాయం కూడా అవే జాబితాల్లో ఉంటుంది. దాని చివరి విడత 2020 మొదట్లో జమైంది. తేదీ చూసి కోవిడ్ డబ్బు అనుకునేవాళ్ళు చాలామంది. పథకం పేరున్న గడి చూడకుండా మొత్తం చూస్తే లెక్క తప్పుతుంది. ఊరు, కౌంటీ విషయంలోనూ జాగ్రత్త: జాబితాల్లో చాలావరకు ఉండేది డబ్బు అందుకున్నవాళ్ళ తపాలా చిరునామా. పొలం హిల్ కౌంటీలో ఉండి మనిషి డాలస్‌లో ఉంటే పేరు డాలస్ కింద కనిపించొచ్చు.

సీఫాప్-1 ఎలా లెక్కేశారు? 2020 ఏప్రిల్ 17న ప్రకటించారు. రైతులకు నేరుగా ఇవ్వడానికి 16 బిలియన్ డాలర్లు పక్కన పెట్టారు. దరఖాస్తులు మే 26న మొదలై సెప్టెంబర్ 11 వరకు తీసుకున్నారు. ప్రధానమైన కొలత ఇది: 2020 జనవరి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య వరకు ఆ సరుకు ధర కనీసం 5 శాతం పడి ఉండాలి. పడకపోతే ఆ పంటకి సాయం లేదు.

మధ్య టెక్సాస్ గోధుమ రైతులు దెబ్బతిన్నది ఇక్కడే. అక్కడ వేసేది హార్డ్ రెడ్ వింటర్ రకం. దాని ధర 5 శాతం పడలేదని లెక్క తేలింది. ఉత్తరాన వేసే హార్డ్ రెడ్ స్ప్రింగ్, డ్యూరమ్ రకాలు మాత్రం అర్హమయ్యాయి. ఒకే గోధుమ, ఒకే ఏడాది. డకోటా రైతుకి సాయం వచ్చింది, హిల్ కౌంటీ రైతుకి సున్నా. రెండో విడతలో అన్ని రకాల గోధుమలనీ చేర్చి దీన్ని సరిదిద్దారు.

మొక్కజొన్నకి లెక్క ఇలా ఉండేది. 2019 మొత్తం దిగుబడిలో సగం ఒక అంకె. 2020 జనవరి 15 నాటికి ధర ఖాయం కాకుండా నిల్వ ఉన్నది రెండో అంకె. రెంటిలో తక్కువది తీసుకుని, దాంట్లో సగాన్ని బుషెల్‌కి (అక్కడి ధాన్యం కొలత) 32 సెంట్ల చొప్పున, మిగతా సగాన్ని 35 సెంట్ల చొప్పున కట్టారు. లక్ష బుషెళ్ళు పండించి, జనవరి 15 నాటికి 60,000 బుషెళ్ళు గాదెలో ఉన్న రైతుకి తక్కువ అంకె 50,000. దాని మీద 8,000 ప్లస్ 8,750, మొత్తం 16,750 డాలర్లు. అదే రైతు కోత అవగానే అక్టోబర్‌లో మొత్తం అమ్మేసి ఉంటే సున్నా. గాదె లేని చిన్న రైతు కోత వెంటనే అమ్ముకుంటాడు, గాదె ఉన్న పెద్ద రైతు ఆగుతాడు. ధర పడ్డప్పుడు సరుకు ఎవరి దగ్గరుంటే వాళ్ళకే నష్టం, కాబట్టి నియమం తప్పనలేం. ఫలితం మాత్రం పెద్దవాళ్ళ వైపు మొగ్గింది.

హిల్ కౌంటీలో పంటతో సమానంగా పశువులు ఉంటాయి కాబట్టి వాటి లెక్క కొంచెం వివరంగా చెబుతాను. జాబితాలో వింత అంకెలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే.

సీఫాప్-1లో పశువులకి రెండు ముక్కలు. మొదటిది 2020 జనవరి 15 నుంచి ఏప్రిల్ 15 లోపు అమ్మినవాటికి: 600 పౌండ్ల లోపు దూడకి 102 డాలర్లు, అంతకు మించి బరువున్నదానికి 139, మాంసానికి సిద్ధంగా మేపినదానికి 214, వయసు మీరి మాంసానికి వెళ్ళే ఆవుకి 92. రెండోది ఏప్రిల్ 16 నుంచి మే 14 మధ్యలో ఏదో ఒక రోజున మందలో ఉన్న గరిష్ఠ సంఖ్యకి, తలకి 33 డాలర్లు. ఈ రెండో ముక్కలో ఆవులు, ఆంబోతులు కూడా లెక్కలోకి వచ్చాయి.

38 ఆవులు, 2 ఆంబోతులు, 38 దూడలు ఉన్న ఒక మందని తీసుకోండి. మార్చిలో 20 దూడల్ని సేల్ బార్న్‌లో అమ్మారు. సేల్ బార్న్ అంటే మన పశువుల సంత లాంటిదే, కాకపోతే అక్కడ వేలం. దూడలన్నీ 600 పౌండ్ల లోపే అనుకుందాం. మొదటి ముక్క 20 × 102 = 2,040. మిగిలిన మంద 58 తలలు, 58 × 33 = 1,914. మొత్తం 3,954 డాలర్లు. ఇది ఒకేసారి రాలేదు. నిధులు చాలవేమోనని ముందు 80 శాతమే, అంటే 3,163.20 ఇచ్చి, మిగతా 790.80 తర్వాత వేశారు. మీరు చూసిన జాబితాలో ఒకే పేరు మీద సెంట్లతో సహా రెండు బేసి అంకెలు కనిపించేది ఇందుకే. పెద్దదాన్ని నాలుగుతో భాగించి చూడండి, చిన్నది వస్తుంది.

ఇప్పుడు అదే మంద, అవే 20 దూడలు, ఏప్రిల్ 17న అమ్మారనుకోండి. మొదటి ముక్క మొత్తం పోతుంది. ఏప్రిల్ 16 నాటి గరిష్ఠ సంఖ్య 78 కాబట్టి 78 × 33 = 2,574 మాత్రమే. రెండు రోజులు ముందు, అంటే ఏప్రిల్ 15న అమ్మి ఉంటే వచ్చేదానికీ దీనికీ 1,380 డాలర్ల తేడా. వేలంలో ధర మాత్రం ఆ రెండు రోజులూ ఒకేలా చచ్చి ఉంది. మరోపక్క జనవరి ఆఖర్లో, ధర ఇంకా బాగున్నప్పుడు అమ్ముకున్నవాళ్ళకి పూర్తి 102 అందింది. దీన్ని నేను సమర్థించలేను. ఎక్కడో ఒక గీత గీయాలి, నిజమే, కానీ ఈ గీత నష్టాన్ని బట్టి గీసింది కాదు.

సీఫాప్-2 2020 సెప్టెంబర్ 21 నుంచి డిసెంబర్ 11 వరకు నడిచింది. 14 బిలియన్ల వరకు కేటాయింపు. ఇందులో నిల్వ గొడవ తీసేశారు. సరుకుల్ని మూడు గుంపులు చేశారు.

ధర పడ్డ ప్రధాన పంటలకి, 2020లో వేసిన ఎకరాలు × ఎకరా దిగుబడి × అమ్మకపు శాతం × రేటు. మొక్కజొన్నకి 40 శాతం, 58 సెంట్లు. సోయాకి 54 శాతం, 58 సెంట్లు. గోధుమకి 73 శాతం, 54 సెంట్లు. పత్తికి 46 శాతం, పౌండుకి 8 సెంట్లు. ఇలా వచ్చింది ఎకరానికి 15 డాలర్లకన్నా తక్కువైతే 15 డాలర్లే ఇచ్చారు. 500 ఎకరాల మొక్కజొన్న, ఎకరాకి 160 బుషెళ్ళు అయితే 18,560. 300 ఎకరాల గోధుమ, ఎకరాకి 30 బుషెళ్ళు అయితే లెక్క ప్రకారం 3,547.80 వస్తుంది, కానీ 300 × 15 = 4,500 అంతకన్నా ఎక్కువ కాబట్టి 4,500 ఇచ్చారు. మధ్య టెక్సాస్ గోధుమ రైతుల పేర్ల ఎదురుగా 15తో భాగహారం సరిపోయే గుండ్రని అంకెలు కనబడితే కారణం ఇదే. దిగుబడి అంటే రైతు నోటిమాట కాదు. పంట బీమా కోసం నమోదైన సగటు దిగుబడి, అది లేకపోతే కౌంటీ ప్రామాణిక దిగుబడిలో 85 శాతం. బీమా చేయించని రైతు ఇక్కడ నష్టపోయాడు.

పశువులకి ఈసారి తలకి 55 డాలర్లు, ఏప్రిల్ 16 నుంచి ఆగస్టు 31 లోపు రైతు ఎంచుకున్న ఒక రోజు సంఖ్య మీద. కానీ సంతానం కోసం ఉంచుకున్న ఆవులు, ఆంబోతులు లెక్కలోకి రావు. మన 78 తలల మందలో 20 దూడలు మార్చిలోనే అమ్మారు కాబట్టి మిగిలిన 18, ఆగస్టు లోపు పుట్టిన ఒక 10 కలిపి 28 × 55 = 1,540. ఏప్రిల్ 17న అమ్మినవాళ్ళకైతే ఏప్రిల్ 16 సంఖ్య 38 దూడలు, 2,090. మొదటి విడతలో పోయింది కొంత ఇక్కడ తిరిగొచ్చింది.

రెండో గుంపు, ధర 5 శాతం పడని, లేదా ధర ఆధారం దొరకని పంటలకి ఎకరానికి 15 డాలర్లు. మూడో గుంపు అమ్మకాల మీద: కూరగాయలు, పండ్లు, పెకాన్ లాంటి గింజలు, మేకలు, తేనె. 2019లో అమ్మిన మొత్తంలో మొదటి 49,999 డాలర్ల మీద 10.6 శాతం, ఆపైన లక్ష లోపు 9.9, అలా తగ్గుతూ పది లక్షలు దాటిన భాగానికి 8.8 శాతం. మీరు చూసిన 848 డాలర్లు బహుశా ఇదే: 8,000 డాలర్ల మేకలు అమ్మితే 10.6 శాతం సరిగ్గా 848. టెక్సాస్‌లో మనవాళ్ళు కొందరు పది, పదిహేను ఎకరాల్లో మేకలు పెంచుతారు కదా, వాళ్ళూ ఈ గుంపులోకే వస్తారు. 2020లోనే మొదలుపెట్టి 2019 అమ్మకాలు లేనివాళ్ళకి 2020 అమ్మకాలు తీసుకునే వెసులుబాటు కూడా ఇచ్చారు.

గడ్డి సంగతి విడిగా చెప్పాలి. బయటివాళ్ళు కొన్న పొలాల్లో ఎక్కువ భాగం కోస్టల్ బెర్ముడా గడ్డి, లేదా పశువులు మేసే బీడు. అల్ఫాల్ఫా (ఒక రకం పశుగ్రాసం) తప్ప ఇతర ఎండుగడ్డికి, మేపు కోసం వేసిన పంటకి సాయం లేదు. కౌంటీ ఆస్తి పన్ను తగ్గించే వ్యవసాయ విలువ కట్టింపు ఉంది కాబట్టి సాయం కూడా వస్తుందని అనుకునేవాళ్ళు ఉన్నారు. ఆ రెంటికీ సంబంధం లేదు. పన్ను తగ్గించేది కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్, సాయం ఇచ్చేది కేంద్ర ప్రభుత్వ ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ, ఎఫ్‌ఎస్‌ఏ. రెండు వేర్వేరు ఆఫీసులు, వేర్వేరు దస్త్రాలు.

2020 డిసెంబర్ 27 చట్టంతో ఇంకో పొర చేరింది. సీఫాప్-2లో మొదటి రెండు గుంపుల పంటలకి ఎకరానికి అదనంగా 20 డాలర్లు. సీఫాప్-1లో ఏప్రిల్-మే మంద లెక్కకి 600 పౌండ్ల లోపు దూడకి 7 డాలర్లు, బరువైనదానికి 25.50, మాంసానికి సిద్ధమైనదానికి 63, ఆవులు, ఆంబోతుల వంటి మిగతావాటికి 17.25. మన మందకి 18 × 7 ప్లస్ 40 × 17.25, అంటే 816. అన్నీ కలిపితే మార్చిలో అమ్మినవాళ్ళకి 6,310, ఏప్రిల్ 17న అమ్మినవాళ్ళకి 5,620. 1,380గా మొదలైన తేడా చివరికి 690కి దిగింది. సీఫాప్-2 దరఖాస్తులు కూడా 2021 ఏప్రిల్ 5న మళ్ళీ తెరిచారు. కంపెనీలకు కోళ్ళు, పందులు పెంచి ఇచ్చే కాంట్రాక్ట్ రైతులు మొదట బయటే ఉండిపోయారు, వాళ్ళనీ తర్వాత చేర్చారు.

సరిగ్గా 2,50,000 ఎందుకు? ఒక వ్యక్తికి ఒక్కో విడతలో గరిష్ఠ పరిమితి అది. పరిమితికి తగిలినవాళ్ళందరి పేరు మీదా అదే అంకె కనిపిస్తుంది. కార్పొరేషన్, ఎల్ఎల్‌సీ లాంటి సంస్థల్లో ఏడాదికి కనీసం 400 గంటలు స్వయంగా శ్రమ గానీ నిర్వహణ గానీ చేసే వాటాదారులు ఇద్దరుంటే 5,00,000, ముగ్గురుంటే 7,50,000 వరకు. సాధారణ భాగస్వామ్య సంస్థకైతే సభ్యుడికొక పరిమితి, అందుకే అక్కడక్కడ ఇంకా పెద్ద అంకెలుంటాయి. ఆదాయ పరిమితి కూడా ఉంది: 2016, 2017, 2018 సగటు ఆదాయం 9,00,000 డాలర్లు దాటకూడదు, దాటితే అందులో 75 శాతం వ్యవసాయం నుంచే వచ్చి ఉండాలి.

20,833 సంగతి తేలిక. అది సీఫాప్ కాదు, పీపీపీ. సొంతంగా సేద్యం చేసే రైతు తన పన్ను పత్రం షెడ్యూల్ ఎఫ్‌లోని ఆదాయంలో రెండున్నర నెలల వాటా అడగొచ్చు, ఏడాదికి 1,00,000 మించకుండా. 1,00,000ని 12తో భాగించి 2.5తో గుణిస్తే 20,833. మొదట్లో ఖర్చులు పోను మిగిలిన లాభం మీద లెక్కేశారు. రైతుల పత్రాల్లో తరుగుదల అవీ తీసేస్తే లాభం సున్నానో నష్టమో ఉంటుంది కాబట్టి చాలామందికి ఏమీ రాలేదు. డిసెంబర్ చట్టం తర్వాత మొత్తం రాబడి, అంటే 9వ వరస అంకె, మీద లెక్కించమన్నారు. ఒక్కసారిగా పల్లె కౌంటీలన్నిటా 20,833 అన్న అంకె వరసగా కనిపించడం అప్పటినుంచే.

ఇంకో తేడా గుర్తుంచుకోండి. మాఫీ అయిన పీపీపీ మీద కేంద్ర ఆదాయపు పన్ను లేదు. సీఫాప్ మొత్తానికి పన్ను ఉంది. ప్రభుత్వం ఇచ్చిన డబ్బు చూపే 1099-జీ పత్రం వస్తుంది, షెడ్యూల్ ఎఫ్‌లో 4ఏ వరసలో చూపాలి. 2020 చివర్లో సీఫాప్ డబ్బు పడ్డవాళ్ళు కొందరు అది సహాయం కదా అని చూపకుండా వదిలేసి, తర్వాత నోటీసులతో ఇబ్బంది పడ్డారు.

ఇక మీ అసలు బాధ, భూయజమాని వాటా. కౌలు ఏ రకం అన్నదే మొత్తం తేల్చింది. మన గోదావరి జిల్లాల మాటల్లో చెప్పాలంటే మక్తా ఒకటి, పాలు ఒకటి. ఎకరానికి ఇన్ని డాలర్లు అన్నది మక్తా. పంటలో మూడో వంతు నీది, ఖర్చులో కూడా వాటా నీదే అన్నది పాలు. ఎఫ్‌ఎస్‌ఏ తన పంట పథకాల్లో ఎకరానికి ఇన్ని బుషెళ్ళు అని స్థిరంగా రాసుకున్నదాన్ని కూడా నగదు కౌలుగానే చూస్తుంది. మన దగ్గర ఎకరానికి ఇన్ని బస్తాలు అని మాట్లాడుకునే కౌలు అక్కడ పాలు కిందికి రాదు. పంట పోయినా ఆ బస్తాలు ఇవ్వాల్సిందే కదా, అలాంటప్పుడు యజమాని మోసే నష్టం ఏముంది?

టెక్సాస్‌లో పాలు పాత అలవాటే: ధాన్యంలో మూడో వంతు, పత్తిలో నాలుగో వంతు యజమానికి. అలా రాసుకుని ఉంటే మీ వాటా మేరకు మీరు విడిగా దరఖాస్తు పెట్టుకోగలిగేవారు, డబ్బు నేరుగా మీ ఖాతాకే వచ్చేది. ఎంత వచ్చేదో కూడా చూద్దాం. 42 ఎకరాలు మొక్కజొన్న, ఎకరాకి 90 బుషెళ్ళు అనుకుంటే సీఫాప్-2 మొత్తం 876.96, తర్వాతి 20 డాలర్ల లెక్కన 840, కలిపి 1,716.96. అందులో మూడో వంతు 572.32 డాలర్లు. దానికి బదులు 2020లో మీరు పంట ధరతో సంబంధం లేకుండా పూర్తి కౌలు తీసుకున్నారు. వసంతంలో ధర కుప్పకూలినప్పుడు డీజిల్, విత్తనం, ఎరువు అప్పులు మోసింది మీ కౌలుదారు. ఆయనకి వచ్చిన దాంట్లో వాటా అడగొద్దని నా విన్నపం. కావాలంటే వచ్చే ఒప్పందంలో పాలుకి మారండి, లేదా కౌలు రేటు మాట్లాడుకోండి.

వీసా విషయం మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు సాయానికి సమానంగా అర్హులు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళని ఎఫ్‌ఎస్‌ఏ విదేశీ వ్యక్తిగానే చూస్తుంది. భూమి, పెట్టుబడితో పాటు స్వయంగా పొలంలో శ్రమ పెడితేనే అర్హత. కౌలుకిచ్చి నగరంలో ఉద్యోగం చేసుకునేవాళ్ళు అందులోకి రారు. అంతకన్నా ముఖ్యమైనది, 1978 నుంచి ఉన్న ఏఎఫ్ఐడీఏ చట్టం. పౌరుడు గానీ గ్రీన్ కార్డు ఉన్నవారు గానీ కాని వ్యక్తి 10 ఎకరాలు మించి వ్యవసాయ భూమి కొంటే 90 రోజుల్లో ఎఫ్‌ఎస్‌ఏ-153 ఫారం ఇవ్వాలి. ఇవ్వకపోతే జరిమానా భూమి మార్కెట్ విలువలో 25 శాతం దాకా వెళ్ళొచ్చు. కొనే రోజున రియల్ ఎస్టేట్ ఏజెంటు గానీ టైటిల్ కంపెనీ గానీ దీన్ని గుర్తు చేయకపోవడం మామూలే. 2019లో మీరు హెచ్-1బీ మీద ఉండి ఉంటే ఈ వారమే కౌంటీ ఆఫీసుకి ఫోన్ చేయండి. వాళ్ళు నోటీసు పంపేదాకా ఆగడం కన్నా ఆలస్యంగానైనా మీరే ముందుకెళ్ళి దాఖలు చేయడం మేలు.

దరఖాస్తుల్లో ఏం తప్పులు జరిగాయో కూడా చెబుతాను, ముందు ముందు ఏ పథకానికైనా ఇవే వస్తాయి. సీఫాప్-1కి ఏడీ-3114, సీఫాప్-2కి ఏడీ-3117 అన్న ఫారాల్లో రైతు తనంతట తాను అంకెలు రాసి సంతకం పెట్టడమే. అప్పుడు రసీదులు అడగలేదు. కోవిడ్ వల్ల ఆఫీసుల్లోకి రానివ్వక అంతా ఫోన్, ఈమెయిల్, ఆన్‌లైన్ సంతకాల మీద నడిచింది. తర్వాత తనిఖీకి ఎంపికైనవాళ్ళని సేల్ బార్న్ చీటీలు, కాటా చీటీలు, పశువైద్యుడి బిల్లులు, చెవి పోగుల నంబర్లు చూపమన్నారు. మూడేళ్ళు దాచాలన్నది నియమం. చూపలేనివాళ్ళు వడ్డీతో తిరిగి కట్టాల్సి వచ్చింది. సీఫాప్-2లో సంతానపు ఆవుల్ని కూడా 55 డాలర్ల లెక్కలో కలపడం, ముందే ధర కుదుర్చుకున్న ధాన్యాన్ని నిల్వగా చూపడం, యజమాని, కౌలుదారు వాటాలు కలిపితే నూరు శాతం దాటడం ఎక్కువగా దొరికిన తప్పులు. పొలం ఎల్ఎల్‌సీ పేరు మీద ఉండి దరఖాస్తు సొంత సోషల్ సెక్యూరిటీ నంబరు మీద పెట్టడం వల్ల నెలల తరబడి ఆగినవీ ఉన్నాయి. మనవాళ్ళు పొలం కొనగానే ఎల్ఎల్‌సీ పెడతారు కాబట్టి ఇది గుర్తుంచుకోండి.

ఇప్పుడు మీరు చేయగలిగింది ఇది. పొలం ఉన్న కౌంటీకి సంబంధించిన ఎఫ్‌ఎస్‌ఏ సర్వీస్ సెంటర్‌కి దస్తావేజు, కౌలు ఒప్పందం తీసుకెళ్ళి, మీ భూమికి ఎఫ్‌ఎస్‌ఏ ఇచ్చే ఫార్మ్ నంబరు ఉందో లేదో చూసుకోండి. పాత యజమాని పేరు మీదే ఉండిపోయి ఉండొచ్చు. మీ పేరు, లేదా ఎల్ఎల్‌సీ పేరు ఏడీ-2047తో నమోదు చేయించండి. తేలిగ్గా కొట్టుకుపోయే నేల, చిత్తడి నేలల షరతులకి ఒప్పుకునే ఏడీ-1026, ఆదాయ పరిమితికి సీసీసీ-941, బ్యాంకు జమకి ఎస్ఎఫ్-3881 ఇవీ మామూలుగా అడిగేవి. ఏటా పంట వేశాక విస్తీర్ణం నివేదిక, ఎఫ్‌ఎస్‌ఏ-578, కౌలుదారు ఇస్తున్నారో లేదో కనుక్కోండి. వసంతకాలపు పంటలకి చాలాచోట్ల జులై 15 ఆఖరు తేదీ. 2025లో ఇచ్చిన అత్యవసర సాయం, మొక్కజొన్నకి ఎకరాకి 42.91 డాలర్ల చొప్పున, నేరుగా ఈ నివేదికలో 2024కి ఉన్న ఎకరాల మీదే లెక్కేశారు. నివేదిక లేని పొలానికి ఆ పథకంలో ఎకరాలే లేవు. మీరు నగదు కౌలే కొనసాగించినా ఈ నివేదిక సరిగ్గా పడితే మీ కౌలుదారుకి మేలు. ఒకవేళ పాలుకి మారితే ఒప్పందంలో శాతం స్పష్టంగా రాసుకోండి, నివేదికలో కూడా అదే శాతం ఉండేలా చూసుకోండి, వచ్చిన ఆదాయాన్ని మీరు స్వయంగా సేద్యంలో పాలుపంచుకోకపోతే ఆదాయపు పన్ను 4835 ఫారంలో చూపండి.

మీ పొలంలో 2020లో ఏ పంట ఉందో, కౌలు కాగితం మీద ఏం రాసుకున్నారో చెబితే ఆ జాబితాలో మీ కౌలుదారు అంకె ఎలా వచ్చిందో విడగొట్టి చూపగలను.